దినచర్యయు దీర్ఘాయువును

మన యిండ్లలో పసివాడు తుమ్మినచో ప్రక్కనున్న పెద్దలు వెంటనే "చిరంజీవ" యందురు. మరల తుమ్మినచో మరల నందురు. పుట్టినదినమున నూరేండ్లు వర్ధిల్లుమని దీవింతురు. పెండ్లిలో అక్షతలు చల్లి అదే మాట పలుకుదురు. అట్లు దీవించిన పెద్దలే ఆ సాయంకాలము ఆ పిల్లవానిని బడ్డీకొట్టునకు బంపి సిగరెట్టు పెట్టె తెప్పించుకొనుటయు మేము చూచియున్నాము. దీవెనకును దినచర్యకును నడుమనున్న యీ దూరమును గూర్చి యీ సంచికలో కొంత వ్రాయ దలచితిమి.

మొదట నొక లెక్క. 1947 ప్రాంతమున మన దేశములో సగటు ఆయుర్దాయము సుమారు 32 ఏండ్లు. 2016 మొదలు 2020 వరకు తీసిన లెక్కలో అది 70 ఏండ్లు. ఈ మాట తరగతిలో చెప్పగా ఒక విద్యార్థి లేచి, "అయ్యా, ఆ కాలమున మా ముత్తాత 80 ఏండ్లు బ్రతికెనని మా యింట జెప్పుదురు గదా" యని యడిగెను. మంచి ప్రశ్న. సగటు అనగా నేమో తెలిసినచో జవాబు తేలికయే. పదిమంది పుట్టిరనుకొందము. నలుగురు ఏడాది నిండకమునుపే పోయిరి, ఆరుగురు 60 ఏండ్లు బ్రతికిరి. మొత్తము 360 ఏండ్లు, పదింట భాగింపగా సగటు 36. ఆ పదిమందిలో 36వ యేట మరణించినవా డొక్కడును లేడు. ఆ నాడు మన సగటును క్రిందికి లాగినది ముఖ్యముగా పసిపిల్లల మరణములే. 1951 ప్రాంతమున పుట్టిన వేయిమంది శిశువులలో సుమారు 146 మంది మొదటి పుట్టినరోజు చూడలేదు. 2020 నాటికి ఆ సంఖ్య 28కి దిగెను. టీకాలు, మంచినీరు, పురుడు పోయుటలో శుభ్రత, మందులు ఇవన్నియు గలిసి యీ పని చేసినవి. మశూచికము 1975 తరువాత మన దేశమున గానరాలేదు.

వీనిలో డబ్బుతో బనిలేనిది చేతులు కడుగుకొనుట. అదియు నొకప్పుడు వైద్యులకే తెలియదు. వియన్నా నగరపు పెద్ద ఆసుపత్రిలో రెండు పురుటి వార్డు లుండెడివి. ఒకదానిలో మంత్రసానులు పురుళ్లు పోయుచుండిరి, రెండవదానిలో వైద్యులును వైద్యవిద్యార్థులును. వైద్యుల వార్డులోనే బాలింతలు జ్వరము వచ్చి యెక్కువగా మరణించుచుండిరి. అందు పనిచేయు సెమ్మెల్వైస్ అను వైద్యుడు ఎంతో ఆలోచించెను. విద్యార్థులు శవములను గోసి చూచి, ఆ చేతులతోనే పురుటి గదికి వచ్చుచున్నారని గ్రహించి, 1847 మే నెల మొదలు క్లోరిన్ సున్నపు నీటిలో చేతులు కడిగినవారినే లోపలికి రానిచ్చెను. ఏప్రిల్‌లో నూటికి 18 మంది బాలింతలు మరణించిన ఆ వార్డులో జూన్ నాటికి మరణములు నూటికి రెండైనవి. ఇంత మేలు కన్నులార చూచియు తోడి వైద్యులు పెక్కురు ఆయన మాట నంగీకరింపలేదు. పెద్దమనుషుల చేతులు మైలవా యని వారికి రోషము గలిగెను. సెమ్మెల్వైస్ 1865లో ఒక పిచ్చాసుపత్రిలో మరణించెను.

మనము భోజనము చేయునది చేతితోనే గనుక ఈ విషయము మనకు మరింత ముఖ్యము. ఒకనాడు మధ్యాహ్నపు గంట కొట్టగానే మాలో నొకరము నీళ్ల తొట్టి వద్ద నిలిచి యూరక చూచుచుంటిమి. పిల్లలలో చాలమంది కుడిచేతి వ్రేళ్ల కొనలను మాత్రమే కొళాయి క్రింద తడిపి, చొక్కాకు తుడుచుకొని పరుగెత్తిరి. సబ్బు బిళ్ల ఉదయమున బెట్టినది పెట్టినట్లే యుండెను. చేయి తడుపుట కడుగుట కాదు. మురికిలో జిడ్డుండును, ఆ జిడ్డులో క్రిములుండును. జిడ్డును నీరు విడదీయలేదు, సబ్బు విడదీయును. సబ్బు రాసి, వ్రేళ్ల సందులును గోళ్ల క్రిందను రుద్ది, ఇరువది అంకెలు నెమ్మదిగా లెక్కించు నంతసేపు కడుగవలెను. మరుగుదొడ్డికి పోయివచ్చినపుడును, అన్నమునకు గూర్చుండునపుడును ఇది తప్పరాదు. ఇంతమాత్రముచేత విరేచనముల వ్యాధులు సుమారు మూడవ వంతు తగ్గునని పలు దేశములలో చేసిన పరీక్షలవలన తెలియుచున్నది.

పసితనపు గండము దాటినవారికి వేరొక గండము గలదు. అది నడివయస్సున వచ్చును. రక్తపుపోటు, చక్కెరవ్యాధి, గుండెపోటు, పక్షవాతము నేడు మన యూళ్లలో వినబడు పేర్లు. ఇవి మశూచికమువలె ఒక్కనాడు వచ్చి మీద బడవు. పదియేండ్లు, ఇరువదియేండ్లు సద్దు చేయక లోపల బనిచేయును. నొప్పి యుండదు. నొప్పి లేకుండుటయే వీని మోసము.

ఈ సంగతి మాకు పుస్తకములవలన గాక ఒక మిత్రునివలన తెలిసినది. మాతో చాలకాలము గణితము బోధించిన ఉపాధ్యాయు లొకరు గలరు. బలిష్ఠులు, ఎన్నడును సెలవు పెట్టి యెరుగరు. ఒక యేడు కంటి అద్దములకై పోయినపుడు వైద్యుడు రక్తపుపోటు చూచి యెక్కువగా నున్నదని చెప్పి మాత్రలు వ్రాసెను. మిత్రులు రెండు నెలలు వేసికొని మానివేసిరి. "తల నొప్పి లేదు, కన్ను తిరుగుట లేదు, మాత్ర లెందుకు?" అని మాతోనే యనిరి. మేమును నవ్వి యూరకుంటిమి. ఆ నవ్వు మాకిప్పటికిని ములుకువలె నాటుచున్నది. రెండేండ్ల తరువాత ఒక ఉదయమున స్నానముచేసి వచ్చుచు గడపలో గూలిరి. కుడిచేయి, కుడికాలు పడిపోయెను. మాట పోయెను. నల్లబల్లమీద సుద్దముక్కతో చేతి యాధారముననే గుండ్రని వృత్తమును గీయగల చేయి అది. ఇప్పుడాయన ఎడమచేతితో ఒంట్లు దిద్దుచున్నారు.

రక్తపుపోటు అనగా నేమి? కాలువలో నీరు పారునపుడు గట్లను ఒత్తుచుండును గదా. నీరు మితముగా నున్నచో గట్టు నూరేండ్లు నిలుచును. ప్రతిదినము నిండుగా, గట్టును దన్నుచు పారినచో పైకేమియు గనబడకయే గట్టు లోపల గుల్లయగును. ఒకనాడు గండి పడును. రక్తనాళములును ఇట్లే. నాళము చిట్లినను, గోడ మందమై పూడినను, మెదడునకు రక్తము చాలక పక్షవాతము వచ్చును. గుండెకును, మూత్రపిండములకును చేటు ఇట్లే కలుగును. పైసంఖ్య 140గాని క్రిందిసంఖ్య 90గాని దాటుచు వచ్చినచో రక్తపుపోటు ఎక్కువ యందురు. కొలిచిననే గాని తెలియదు.

దీనిని బెంచు వస్తువులలో మన వంటయింట ముఖ్యమైనది ఉప్పు. ఉప్పెక్కడ నుండిన అక్కడికి నీటిని లాగుకొనును. రక్తములో నుప్పెక్కువైనచో నీరును ఎక్కువై నాళములలో ఒత్తిడి హెచ్చును. ఒక మనిషి దినమునకు 5 గ్రాములు మించి ఉప్పు తినరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. అది చిన్న చెంచాతో తలగొట్టిన యొక్క చెంచాడు. ఇంటిలోని తల్లులు ఉప్పును తూచి వేయరు, చేతి యంచనాతో వేయుదురు. కనుక ఒక యుపాయము చెప్పెదము. నలుగురున్న యింటికి దినమునకు 20 గ్రాములు. అనగా కిలో ఉప్పు పొట్లము 50 దినములు రావలెను. పొట్లము విప్పిన దినమున తేదీ దానిమీద వ్రాసిపెట్టి, ఎన్నాళ్లకు అయిపోయెనో చూడుడు. ఎనిమిదవ తరగతి పిల్లలచేత ఈ లెక్క చేయించితిమి. ఒకని యింట పొట్లము 24 దినములకే ముగిసెను. వాని తల్లిగారు మొదట నమ్మక, పిమ్మట పనిమనిషిని అనుమానించి, తుదకు తామే నవ్విరట.

ఇందులో ఊరగాయల ఉప్పు చేరలేదు. వేసవిలో ఆవకాయకు గల్లుప్పు వేరుగా గొనియెదము గదా, అదియు మన కడుపులోనికే పోవును. అప్పడములు, వడియములు, మజ్జిగ మిరపకాయలు, ఉప్పుచేప, దుకాణపు కారపుపూస వీని సంగతియు నిట్టిదే. ఆవకాయ మానుడని చెప్పుటకు మాకు ధైర్యము లేదు. చెప్పినను ఎవరును వినరు, మేమును మానలేము. అయితే పప్పులో, కూరలో, పెరుగన్నములో మూడింటను ఊరగాయ కలుపుకొనువాడు ఒక్కదానిలోనే కలుపుకొనవచ్చును. విస్తరిలో విడిగా ఉప్పు వడ్డించు నాచారము మానవచ్చును. కూరలో ఉప్పు కొంచెము కొంచెముగా దగ్గించినచో కొన్ని వారములలో నాలుక యలవాటుపడును. అయొడిన్ కలిపిన యుప్పునే వాడవలెను.

ఉప్పు తరువాత అన్నము. తెలుగువారికి అన్నము అనగా భోజనమే. "భోంచేసితిరా" యనుటకు "అన్నము తింటివా" యందుము. ఆ యన్నము మల్లెపూవువలె తెల్లగా నుండవలెనని మనకొక పట్టు. పెండ్లిలో అన్నము కొంచెము ఎరుపైనచో మగపెండ్లివారు మొగము చిట్లింతురు. ఈ తెలుపునకు మనవారు ఒకప్పుడు పెద్ద వెల యిచ్చినారు. ఆ కథ చెప్పవలెను.

ధాన్యమును రోటిలో దంచినపుడు ఊక పోవునుగాని గింజమీది తవుడుపొర కొంత మిగులును. మరపట్టి పాలిషు చేసినచో ఆ పొరయంతయు పోవును. తరువాత బియ్యమును నాలుగైదు నీళ్లు కడుగుదుము, వండి గంజి వార్చుదుము. ఈ మూడు మెట్లలో బియ్యములోని ఒక జీవసత్త్వము దాదాపుగా పోవును. దాని పేరు థయమిన్, విటమిన్ బి1 అనియు నందురు. అది లేనిచో నరములు చచ్చుబడి కాళ్లు తిమ్మిరెక్కి నడక తూలును, కాళ్లు వాచును, గుండె నిలిచిపోవును. ఇదియే బెరిబెరి. పాలిచ్చు తల్లికి ఈ లోపమున్నచో ఒడిలోని బిడ్డయే హఠాత్తుగా మరణించును. మరపట్టిన పచ్చిబియ్యము తిను మన ఉత్తర సర్కారు జిల్లాలలో ఈ వ్యాధి యుండెడిది. ఉప్పుడు బియ్యము తినుచోట్ల తక్కువ. వడ్లను ఉడికించినపుడు తవుడులోని సత్త్వము కొంత గింజలోనికి ఇంకును గనుక మరపట్టినను అంతయు పోదు.

దీని కారణమును మొదట చూపినవి కోళ్లు. 1890 ప్రాంతమున జావాద్వీపములోని బటేవియాలో ఎయిక్మన్ అను డచ్చి వైద్యుడు బెరిబెరికి క్రిమి యేదియో వెదకుచుండెను. ఆయన పెంచు కోళ్లు హఠాత్తుగా కాళ్లు తూలి పడసాగెను. కొన్నాళ్లకు తమంత తామే బాగైనవి. విచారింపగా తెలిసినదేమనగా, వంటవాడు సైనికుల ఆసుపత్రిలో మిగిలిన తెల్లని యన్నమును కోళ్లకు వేయుచుండెను. అతడు పోయి క్రొత్త వంటవాడు వచ్చి, పటాలమువారి యన్నము బయటి కోళ్లకు వేయుట తగదని మానిపెను. అప్పటినుండి వానికి ముడిబియ్యము వేసిరి, అవి కోలుకొనెను. క్రొత్త వంటవాని పిసినారితనము లోకమునకెంత మేలు చేసినదో చూడుడు! పిమ్మట వోర్డెర్మన్ అను మరియొకడు జావాలోని 101 చెరసాలలలో ఖైదీల బియ్యమును పరీక్షించి, తెల్లబియ్యము పెట్టుచోట్లనే బెరిబెరి మిక్కుటముగా నున్నదని తేల్చెను. ఎయిక్మన్‌కు 1929లో నోబెల్ బహుమాన మిచ్చిరి.

మన దేశములో ఈ వ్యాధిని శోధించుటకు మెక్కారిసన్ అను వైద్యుడు 1918లో నీలగిరిలోని కూనూరున ఒక్క గదిలో పని మొదలిడెను. ఆ గదియే పెరిగి పెద్ద పరిశోధనాలయమై, 1958లో హైదరాబాదునకు మారి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు పొందినది. హైదరాబాదు పోయిన విద్యార్థులు తార్నాకలో దానిని చూడవచ్చును. మన పళ్లెములోని తెల్లబియ్యమునకును ఆ భవనమునకును గల చుట్టరిక మిట్టిది.

నేడు పప్పు, కూర, గ్రుడ్డు, పాలు కొంత యెక్కువ లభించుటచేత బెరిబెరి అరుదైనది. కాని తెల్లన్నపు రాశి తగ్గలేదు, దానిని అరిగించు కాయకష్టము తగ్గినది. పీచు లేని తెల్లన్నము త్వరగా చక్కెరగా మారి రక్తములో జేరును. ఒంటిపని లేనివానికి దానివలన చక్కెరవ్యాధి భయము హెచ్చును. అన్నము మానవలదు. పళ్లెములో ముందుగా కూరగాయలు, ఆకుకూరలు సగము పెట్టుకొని, పప్పును గ్రుడ్డును చేపయు నొకటి చేర్చి, మిగిలిన చోటికి సరిపడు నన్నము పెట్టుకొన్నచో చాలును. దంపుడు బియ్యము దొరకినచో మేలు. జొన్నలు, సజ్జలు, రాగులు, కొర్రలు మన తాతల కాలపు తిండియే. ఇప్పుడు పట్టణములలో వానిని సన్నబియ్యముకంటె నెక్కువ వెలకు అమ్ముచున్నారు. పల్లెలలో మాత్రము జొన్నరొట్టె అనగా పేదవాని తిండియని పిల్లలు సిగ్గుపడుచున్నారు. మా వసతిగృహమున వారమునకు రెండుమార్లు రొట్టె పెట్టినపుడు మొదట కొందరు అలిగిరి.

నడకను గూర్చి లండను బస్సుల సంగతి చెప్పి ముగించెదము. అచ్చటి రెండంతస్తుల బస్సులలో ఆ కాలమున డ్రైవరు దినమంతయు గూర్చుండెడివాడు. కండక్టరు టిక్కెట్టులకై వందల మెట్లెక్కి దిగుచుండెడివాడు. జీతములలో, ఇండ్లలో ఇరువురికిని పెద్ద భేదము లేకుండెను. కాని 1953లో మారిస్ అను వైద్యుడు ప్రకటించిన లెక్కలలో కండక్టర్లకు గుండెజబ్బు డ్రైవర్లకంటె తక్కువగా నుండెను, వచ్చినను ప్రాణము తీయుట తక్కువ. పిల్లలకు దినమునకు ఒక గంట ఆటపాటలు, పెద్దలకు వారమునకు 150 నిమిషముల వడినడక చాలునని వైద్యులు చెప్పుదురు. మైలు దూరములోని బడికి ఆటోలో వచ్చు పిల్లల తల్లిదండ్రులు దీనిని చదువ గోరుచున్నాము. రోడ్డుమీద లారీల భయ మున్నదని వారు చెప్పుదురు, అదియు నిజమే. నలుగురైదుగురు పిల్లలు గలిసి యొక పెద్దవారి వెంట నడచి రావచ్చును.

నిద్ర సంగతి మరియు చిన్నది. పండ్రెండేండ్ల లోపువారికి 9 గంటలకు తక్కువ గాకుండ, పదుమూడు దాటినవారికి 8 గంటలకు తక్కువ గాకుండ నిద్ర వలయును. దుప్పటి క్రింద సెల్లుఫోను వెలుగుచుండగా ఈ లెక్క కుదురదు.

ఇక మొదట చెప్పిన సిగరెట్టు పెట్టె. పొగాకు వలని నష్టమును ఏండ్లలో లెక్కకట్టినవారు బ్రిటనులోని డాల్, హిల్ అను నిరువురు. వారు 1951 మొదలు 34 వేలకు పైగా మగ వైద్యులను అడిగి, వారి యలవాట్లను వ్రాసికొని, ఎవరెప్పుడు మరణించిరో లెక్కించుచు వచ్చిరి. ఏబదియేండ్ల లెక్క 2004లో వెలువడెను. విడువక సిగరెట్టు కాల్చినవారు కాల్చనివారికంటె సగటున పదియేండ్లు ముందు మరణించిరి. అయితే అందులోనే యొక శుభవార్త గలదు. అరువదవ యేట మానినవారికి సుమారు 3 ఏండ్లు, ఏబదవ యేట మానినవారికి 6, నలుబదవ యేట 9, ముప్పదవ యేట మానినవారికి దాదాపు పదియేండ్లును తిరిగి వచ్చినవి. కనుక "ఇంతకాలము కాల్చితిని, ఇప్పుడు మానిన నేమి లాభము?" అను తండ్రులు ఈ యంకెలను మరల చదువవలెను. బీడీ, చుట్ట, గుట్కా, ఖైనీ వీనిలో నేదియు నిర్దోషము గాదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతపు తీరగ్రామములలో కొందరు స్త్రీలు చుట్ట మండుకొనను నోటిలోపల నుంచుకొని కాల్చు అడ్డపొగ యలవాటు గలదు. దానివలన అంగిలిలో పుండుపడి క్యాన్సరు వచ్చునని మన వైద్యులే తేల్చిరి. పదునెనిమిదేండ్లు నిండనివారికి పొగాకు అమ్ముట 2003 నాటి చట్టముచేత నేరము. కొట్టుకు బంపబడు పిల్లవాడు "చట్టము ఒప్పదు, నాన్నగారూ" యని వినయముగా జెప్పవచ్చును. చెప్పినందుకు దెబ్బలు పడినచో మాతో జెప్పవలెను. మేము వచ్చి మాటలాడెదము.

మా మిత్రుని పాటు చూచిన తరువాత పాఠశాల కార్యాలయపు గదిలో రక్తపుపోటు గొలుచు యంత్ర మొకటి యుంచితిమి. ముప్పదియేండ్లు దాటిన తల్లిదండ్రులును, మా సిబ్బందియు, వంటవారును, గేటువద్ద కావలివారును ప్రతి శనివారము మధ్యాహ్నము రెండుగంటలకు వచ్చి చూపించుకొనవచ్చును. రుసుము లేదు. వచ్చుటకు ముందు అరగంట కాఫీయు, పొగయు మానవలెను. వచ్చిన తరువాత అయిదు నిమిషములు బల్లమీద నూరక గూర్చుండవలెను. అంకె ఎక్కువగా వచ్చినవారిని మరియొక దినమున మరల చూచి, అప్పుడును ఎక్కువయే యైనచో ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు చీటి వ్రాసి పంపెదము. మాత్రలు వాడుచున్నవారు తమకు బాగుగా నున్నదని మానక, వైద్యుని యడిగిన తరువాతనే మార్చుకొనవలెను. మొదటి శనివారము పదునొకండుగురు మాత్రమే వచ్చిరి.